కాన్ఫిగరేషన్ ఫైలు మాయమైతే: ఆరేళ్ల పోస్ట్‌గ్రెస్ వాడకం తరువాత

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లోని ఒక అడ్తి దుకాణం లెక్కలు ఆరేళ్లుగా పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ మీద నడుస్తున్నాయి. ఆ సర్వర్ బాగోగులు చూసేది నేనే. ఇక్కడ రాసేది ఒక్క విషయం గురించే: కాన్ఫిగరేషన్ ఫైళ్లు, అంటే దాని అమరికలు రాసి ఉండే ఫైళ్లు, కనబడకపోతే పోస్ట్‌గ్రెస్ ఏం చేస్తుంది?

రెండేళ్ల కిందట మిర్చి సీజన్‌లో కరెంటు పోయి వచ్చాక సర్వర్ లేవలేదు. ఎవరిని లోపలికి రానివ్వాలో చెప్పే పీజీ హెచ్‌బీఏ ఫైలు తెరుచుకోవడం లేదని లాగ్‌లో, అంటే సర్వర్ తన సంగతులు రాసుకునే చోట, ఉంది. డిస్కులో చోటు కోసం పాత ఫైళ్లు తీసేస్తూ పది రోజుల ముందు దాన్ని తుడిచేసింది, చెప్పుకోవడానికి సిగ్గే గానీ, నేనే. నిబంధనలు మెమరీలో ఉన్నందువల్ల ఆ పది రోజులూ రైతులకిచ్చే తక్‌పట్టీలు (అమ్మకం రసీదులు) యథావిధిగా ప్రింటయ్యాయి. రైతులు కౌంటరు దగ్గర నిలబడి ఉండగా బ్యాకప్ నుంచి ఫైలు తెచ్చి పెట్టాను.

ఆ తరువాత పాత లాప్‌టాప్‌లో ఒక్కో ఫైలునూ తీసేసి చూశాను. ప్రధాన కాన్ఫిగరేషన్ ఫైలు లేకపోతే, అది ఎక్కడ ఉండాలో దారితో సహా చెప్పి ఆగిపోతుంది. అదే పేరుతో ఖాళీ ఫైలు పెడితే మాత్రం మారు మాట్లాడకుండా 5432 పోర్టులో, 100 కనెక్షన్ల పరిమితితో, సొంత యంత్రానికి మాత్రమే పలుకుతూ లేస్తుంది; కౌంటరు కంప్యూటర్లకు అందదు. అందుకే ఫైలు లేకపోవడం కన్నా ఖాళీగా ఉండడమే నాకు ఎక్కువ భయం. కంప్యూటర్ యూజర్ పేర్లను డేటాబేస్ యూజర్ పేర్లతో జతచేసే పీజీ ఐడెంట్ ఫైలు లేకపోతే లాగ్‌లో రాసి నడిచిపోతుంది. ఆల్టర్ సిస్టమ్ అనే ఆదేశంతో పెట్టిన మార్పులు దాచే ఆటో కాన్ఫ్ ఫైలు లేకపోయినా అంతే, కానీ ఆ మార్పులన్నీ పోతాయి.

మైఎస్‌క్యూఎల్ అనే మరో డేటాబేస్ తన కాన్ఫిగరేషన్ ఫైలు మై.సీఎన్‌ఎఫ్ లేకున్నా డిఫాల్టులతో లేచేస్తుంది. తాళం లేని ఇల్లు తెరవనని మొండికేసే పోస్ట్‌గ్రెస్ పద్ధతే నాకు నచ్చుతుంది.

నా ఫిర్యాదు రీలోడ్ మీద, అంటే సర్వర్‌ను ఆపకుండానే ఫైళ్లను మళ్లీ చదివించడం మీద. హెచ్‌బీఏ ఫైలు లేకున్నా, అందుకు వాడే పీజీ_రీలోడ్_కాన్ఫ్ ఫంక్షన్‌ను పిలిస్తే నిక్షేపంగా 'టీ' అని, అంటే నిజమని, జవాబిస్తుంది. సంకేతం పంపానన్నదే దాని అర్థం. పాత నిబంధనలే కొనసాగుతాయి, అసలు సంగతి లాగ్ చూసినవారికే తెలుస్తుంది. ఇప్పుడు ప్రతి రీలోడ్‌కు ముందు హెచ్‌బీఏ నిబంధనలను పట్టికలా చూపే పీజీ_హెచ్‌బీఏ_ఫైల్_రూల్స్ వ్యూను అడుగుతున్నాను. అది మెమరీని కాక డిస్కు మీది ఫైలునే చదువుతుంది, ఫైలు లేకపోతే అక్కడికక్కడే ఎర్రర్ ఇస్తుంది.