ఫిలడెల్ఫియాలో రెజిల్‌మేనియా 40: ఆట, బస, ప్రయాణం

ముందే రాసుకున్న కథలతో సాగే రెజ్లింగ్‌లో డబ్ల్యూడబ్ల్యూఈ కంపెనీ ఏటా జరిపే అతిపెద్ద ప్రదర్శన రెజిల్‌మేనియా. 2024 ఏప్రిల్ 6, 7 తేదీల్లో ఫిలడెల్ఫియాలోని లింకన్ ఫైనాన్షియల్ ఫీల్డ్‌లో జరిగిన రెజిల్‌మేనియా 40ను రెండు రాత్రులూ స్టేడియంలోనే చూశాను. కుస్తీ నాణ్యత మాత్రమే చూస్తే శనివారానిదే పైచేయి. కానీ ఒక్క రాత్రికే టికెట్టు కొనగలిగిన వారు అడిగితే ఆదివారం వెళ్లమనే చెబుతాను. ఎందుకంటే ఏళ్ల తరబడి సాగిన కథ ఆ రాత్రి ముగిసింది, ఆ ముగింపును డెబ్బై వేల మంది మధ్య నిలబడి చూడటం ఇంట్లో తెర ముందు కూర్చుని చూడటంతో సమానం కాదు.

న్యూజెర్సీలోని ఎడిసన్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి కనుక, మనవాళ్లలో ఎక్కువమంది బంధువుల ఇంట్లో దిగి అక్కడి నుంచి కారులో వెళ్లివద్దామని అనుకుంటారు. మొదటి రాత్రి నేను చేసిందీ అదే. బస ఖర్చు మిగులుతుంది, ఇంటి భోజనం దొరుకుతుంది, ఆ రెండూ నిజమే. అయితే ఆట ముగిసేసరికి పదకొండు గంటల ప్రాంతం అవుతుంది, పార్కింగ్ నుంచి రోడ్డెక్కడానికే చాలా సమయం పడుతుంది, ఆ తరువాత గంటకు పైగా ప్రయాణం మిగిలి ఉంటుంది. రైలులో తిరిగి రావాలంటే ట్రెంటన్‌లో బండి మారాలి, అంత రాత్రివేళ బండ్లు తక్కువ కనుక దాని మీద ఆధారపడవద్దని నా సలహా.

రెండో రాత్రికి సిటీ హాల్ దగ్గర హోటల్లో దిగాను. గది ధర ఆ వారాంతంలో మామూలు కంటే బాగా ఎక్కువగా ఉంది, గది చిన్నది, చెక్‌ఇన్ దగ్గర నిలబడవలసి వచ్చింది. అయినా ఆ డబ్బు వృథా కాలేదనే అంటాను. సిటీ హాల్ కింద నుంచి వెళ్లే బ్రాడ్ స్ట్రీట్ లైన్ అనే రైలు మార్గానికి దక్షిణపు చివర ఉన్న ఎన్‌ఆర్‌జీ స్టేషన్ నుంచి స్టేడియానికి నడిచి వెళ్లవచ్చు. ఊరి రవాణా సంస్థ సెప్టా కార్డుతో అప్పటి ఛార్జీ రెండు డాలర్లు. తిరుగు ప్రయాణంలో స్టేషన్ బయట వరుస పొడవుగా ఉన్నా బండ్లు వెంటవెంటనే వచ్చాయి. ఊరి మధ్య ఏ మామూలు హోటలైనా ఈ రైలు మార్గానికి దగ్గరగా ఉంటే చాలు, స్టేడియం పక్కనే బస కోసం అదనంగా ఖర్చు పెట్టనవసరం లేదు.

స్టేడియం పైకప్పు లేనిది. ఏప్రిల్ కదా అని పల్చని చొక్కాతో వచ్చినవాళ్లు శనివారం రాత్రి గాలికి వణికిపోయారు. పై అంతస్తులో చలి మరింత తీవ్రంగా ఉంటుంది కాబట్టి మందపాటి జాకెట్ తప్పనిసరి. పారదర్శకమైన సంచులను మాత్రమే లోపలికి అనుమతిస్తారన్న సంగతి తెలియక గేటు దగ్గర వెనక్కి వెళ్లినవారినీ చూశాను. శాకాహారులకు తిండి తక్కువే, చికీస్ అండ్ పీట్స్ వారి క్రాబ్ ఫ్రైస్ ఒక్కటే బాగుంది. పేరులో పీత ఉన్నా అందులో పీతమాంసం ఉండదు, మసాలా చల్లిన ఆలుగడ్డ ముక్కలే.

మా సీట్లు పై అంతస్తులో పక్కవైపు ఉండటంతో బరిలోని మనుషులు చాలా చిన్నగా కనిపించారు, సగం సమయం పెద్ద తెరలనే చూడవలసి వచ్చింది. నేలమీది కుర్చీలు దగ్గరివే అయినా ముందువారు లేచి నిలబడితే ఏమీ కనబడదు. ధరనూ దృశ్యాన్నీ కలిపి తూచితే దిగువ అంతస్తులో కాస్త ఎత్తయిన వరుసలే ఉత్తమమని నా అంచనా.

శనివారం నాకు అన్నింటికన్నా నచ్చినది గుంథర్, సామీ జేన్‌ల ఇంటర్‌కాంటినెంటల్ ఛాంపియన్‌షిప్ మ్యాచ్. 666 రోజులుగా బెల్టును వదలని గుంథర్ ఎదుట సామీ గెలుస్తాడని ఎవరూ గట్టిగా నమ్మలేదు. సామీ భార్య ముందు వరుసలో కూర్చుని ఉండగా, ఆమె కళ్లెదుటే గుంథర్ అతణ్ణి కొడుతూ పోయాడు. ఆయుధాలు లేవు, బయటివారి జోక్యం లేదు, ఛాతీ మీద పడే ప్రతి దెబ్బ చప్పుడూ పై అంతస్తు దాకా వినిపించింది. సామీ గెలిచినప్పుడు మా వరుసలో అపరిచితులు ఒకరినొకరు కౌగిలించుకున్నారు. ఆ రాత్రి తొలి మ్యాచ్‌లో రియా రిప్లీ, బెకీ లించ్‌లు కూడా గట్టిగా పోరాడారు. జే ఊసో, జిమ్మీ ఊసో అన్నదమ్ముల మ్యాచ్ మాత్రం తీవ్రంగా నిరాశపరిచింది, ఎన్నో నెలల పగకు తగిన బరువు అందులో లేదు. చివరగా ది రాక్, రోమన్ రీన్స్‌లు కోడీ రోడ్స్, సెత్ రోలిన్స్‌లపై నెగ్గిన మ్యాచ్ దాదాపు 45 నిమిషాలు సాగింది. అందులో పావుగంట తగ్గించి ఉంటే మరింత పదునుగా ఉండేదని నా అభిప్రాయం, అయితే రాక్‌ను మళ్లీ బరిలో చూసిన ఆనందం దాన్ని చాలావరకు మరిపించింది.

ఆదివారం ఛాంపియన్ రోమన్‌తో కోడీ ఆడిన ఆఖరి మ్యాచ్ విలువ తెలియాలంటే వెనుకటి సంగతి కొంత చెప్పాలి. 2023లో లాస్ ఏంజిలెస్ పక్కన జరిగిన రెజిల్‌మేనియాలో రోమన్ వర్గంవాడైన సోలో సికోవా జోక్యం వల్ల కోడీ రోమన్ చేతిలో ఓడిపోయాడు. 2024 ఫిబ్రవరిలో అతని స్థానాన్ని రాక్‌కు ఇస్తున్నట్టు కనిపించగానే అభిమానులు తీవ్రంగా వ్యతిరేకించారు, కంపెనీ దారి మార్చుకుంది. అభిమానుల మాటకు విలువ ఉందని రుజువైన సందర్భం కనుకనే ఈ మ్యాచ్ మాకందరికీ సొంత విషయమైంది. జాన్ సీనా, రాక్, అండర్‌టేకర్ ఒకరి తరువాత ఒకరు వచ్చినప్పుడు చిన్నప్పుడు కార్డుల మీద చూసిన ముఖాలన్నీ ఒకేచోట చేరినట్టయింది. జోక్యాలు మితిమీరాయని కొందరంటారు. నేను అలా అనుకోను, నిబంధనలు లేని ఆ పోరులో ప్రతి రాకకూ కారణం ఉంది. రోలిన్స్ ఒకప్పుడు రోమన్‌తో కలిసి ఉన్న షీల్డ్ జట్టు పాత దుస్తుల్లో రావడం, కుర్చీ చేతిలో ఉన్న రోమన్ ఎదురుగా ఉన్న కోడీని వదిలి 2014లో రోలిన్స్ తనకు పొడిచిన వెన్నుపోటుకు బదులుగా రోలిన్స్‌ను కొట్టడం, ఆ ఒక్క తప్పటడుగుతోనే 1,316 రోజుల ఏలుబడి కూలిపోవడం ఈ కథనంలో నేను చూసిన అత్యుత్తమ రచన. కోడీ ముగింపు దెబ్బ అయిన క్రాస్ రోడ్స్ మూడోసారి పడ్డాక, అతని గెలుపు ఖాయం చేసే లెక్క పూర్తయ్యేలోగా స్టేడియం మొత్తం లేచి నిలబడింది.

కన్వెన్షన్ సెంటర్‌లోని డబ్ల్యూడబ్ల్యూఈ వరల్డ్ అనే అభిమానుల ప్రదర్శనను మాత్రం అంత ఉత్సాహంగా సిఫారసు చేయలేను. పాత దుస్తులు, బెల్టులు చూడటం బాగుంది, కానీ ప్రవేశానికి ఒక టికెట్టు, మల్లయోధులతో ఫోటోకు మరో టికెట్టు, టీషర్టు కొనడానికి చాంతాడంత వరుస. పిల్లలతో వెళ్లేవారు ఉదయమే వెళితే నయం. ఆ ఎదురుగా 1893 నుంచి ఉన్న రీడింగ్ టెర్మినల్ మార్కెట్‌లో భోజనం చేయడం ఎక్కువ తృప్తినిచ్చింది. ఆమిష్ వారి దుకాణాలు ఆదివారం మూసి ఉంటాయి కనుక శనివారం వెళ్లడం మంచిది.

దక్షిణ ఫిలడెల్ఫియాలో ఒకప్పుడు ఈసీడబ్ల్యూ అనే పాత రెజ్లింగ్ కంపెనీ మ్యాచ్‌లు జరిగిన 2300 అరీనాను బయటి నుంచైనా చూడాలని వెళ్లాను. మామూలు గోదాములా కనిపించే ఆ భవనం నుంచే ఒక తరం రెజ్లింగ్ పుట్టింది. ఈసీడబ్ల్యూను నడిపిన పాల్ హేమన్‌ను ఏప్రిల్ 5న, శుక్రవారం, అదే ఊరిలోని అప్పటి వెల్స్ ఫార్గో సెంటర్‌లో డబ్ల్యూడబ్ల్యూఈ గౌరవ జాబితా అయిన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. పరిచయం చేసినవాడు రోమన్ రీన్స్. పాత రెజ్లింగ్ మీద ప్రేమ ఉన్నవారు ఇలాంటి వారాంతానికి వెళ్లేటప్పుడు శుక్రవారం కూడా కలుపుకొని ప్రయాణం వేసుకోవాలి. ఆ కార్యక్రమం టికెట్టు ప్రధాన ప్రదర్శన కంటే చవక, పైకప్పు ఉన్న హాలు కాబట్టి చలి బాధ ఉండదు, వేదిక కూడా దగ్గరగా కనిపిస్తుంది.