చిత్తడి నేలల పూలకు ఏది మేలు: కంచా, మేతా?

"పశువులు పూలన్నీ తొక్కేస్తున్నాయి, చుట్టూ కంచె వేయించెయ్యాలి." విశాఖలో మొక్కలంటే ఇష్టమున్న నలుగురు కలిస్తే ఈ మాట రాక తప్పదు. నేను మాత్రం కంచె వైపు లేను.

తూర్పు కనుమల్లో తడి ఇసుక నేలల్లో పెరిగే డ్రోసెరానే చూడండి. రూపాయి బిళ్లంత మొక్క, నేలకు కరుచుకుని ఉంటుంది. ఎర్రటి ఆకుల నిండా వెంట్రుకలు, ఒక్కో వెంట్రుక కొసన జిగురు బొట్టు. నేలలో సారం లేదు కాబట్టి పురుగుల్ని పట్టి తింటుంది. దీనికి గిట్టల కన్నా నీడతోనే ఎక్కువ ముప్పు. మోకాలెత్తు గడ్డి లేచిందా, ఎండ తగలక పోతుంది.

కంచె వేసిన మొదటేడు బాగానే ఉంటుంది. ఆ తర్వాత గడ్డిదే రాజ్యం. భరత్‌పూర్ పక్షుల అభయారణ్యంలో 1982లో మేత ఆపేశారు. గేదెలు లేకపోయేసరికి నీటిగడ్డి మడుగుల్ని కమ్మేసి పక్షులకే ఇబ్బందైంది. ఇంగ్లండ్‌లోని న్యూ ఫారెస్ట్ చిత్తడి బీళ్లలో ఇప్పటికీ ఆవులు, గుర్రాలు మేస్తాయి. అవి లేని చోట మోలీనియా అనే గడ్డి దుబ్బులు కట్టి చిన్న పూలమొక్కల్ని మింగేస్తుంది.

అలాగని ఏడాదంతా పశువుల్ని మేతకు వదిలేసినా చేటే. విత్తనం కట్టకముందే పూలు కడుపులోకి పోతాయి. పేడ ఎక్కువైతే నేల బలిసి మళ్లీ గడ్డికే లాభం. పశువులు ముట్టని వయ్యారిభామ దర్జాగా పెరుగుతుంది.

నా ఓటు వేళ పెట్టి మేపడానికి. మనకు ఈశాన్య రుతుపవనాల వానలు కూడా ఉంటాయి కాబట్టి సంక్రాంతి దాటి విత్తనాలు రాలాకే మందను దింపాలి. తొలకరికి నేల మెత్తబడిన కొన్నాళ్లు ఉంచి, పూలకాలానికి ముందే మళ్లించాలి. గిట్టలు పడ్డ చోట గడ్డి చెదిరి మట్టి బయటపడుతుంది, ధూళి లాంటి విత్తనాలకు అదే చోటు. గొర్రెల కన్నా ఆవులు నయం: ఆవు నాలుకతో చుట్టి పొడుగు గడ్డిని లాగుతుంది, గొర్రె మొదలంటా కొరికేస్తుంది.

మందను వేళకు మళ్లించే కాపరి దొరకకపోతే ఏడాదికోసారి కొడవలి పెట్టడమే దారి. కోసిన గడ్డిని బయటికి మోసెయ్యాలి, అక్కడే వదిలితే ఎరువై కూర్చుంటుంది.