ఆయిల్ ఫిల్టర్ నింపి బిగించాలా, ఖాళీగానా? తొమ్మిదేళ్లు రెండు రకాలుగానూ చేసి చూశాను

ముందే చెప్పేస్తున్నాను, నేను మెకానిక్‌ని కాదు. సత్తెనపల్లి దగ్గర పల్లెటూరు మాది. ఇంట్లో 45 హెచ్‌పీ ట్రాక్టర్ ఒకటి, చిన్న పెట్రోల్ కారు ఒకటి ఉన్నాయి, తొమ్మిదేళ్లుగా రెండింటికీ ఇంజిన్ ఆయిల్ నేనే మారుస్తున్నాను. మధ్యలో నాలుగేళ్లు బాబాయి వాళ్ల డీజిల్ స్విఫ్ట్ కూడా నా చేతి మీదే నడిచింది. ట్రాక్టర్‌కి 250 గంటలకోసారి, కారుకి ఏడాదికోసారి లెక్కేస్తే ముప్పై సార్లన్నా డ్రెయిన్ బోల్టు విప్పి ఉంటాను.

మొదటి మూడేళ్లు కొత్త ఫిల్టర్‌ని డబ్బాలోంచి తీసి, రబ్బరు రింగుకి కాస్త ఆయిల్ రాసి, అలాగే ఖాళీగా బిగించేవాణ్ణి. ఎవరూ ఏమీ అనలేదు, నాకూ ఏమీ అనిపించలేదు. తర్వాత ఒకరోజు స్పేర్ పార్ట్స్ షాపులో పక్కన నిలబడ్డ మెకానిక్ అన్న ఒకాయన "ఖాళీ ఫిల్టర్ పెట్టి స్టార్ట్ చేస్తే అది నిండేదాకా బేరింగులు ఆయిల్ లేక పొడిగా తిరుగుతాయి తమ్ముడూ, నింపి పెట్టు" అన్నాడు. అంతే, టెన్షన్ పట్టుకుంది. మూడేళ్లలో ఇంజిన్‌ని ఎంత అరగదీశానో అని ఆ రాత్రి నిద్ర కూడా సరిగ్గా పట్టలేదంటే నవ్వుతారు గానీ, ట్రాక్టర్ లోన్ ఇంకా తీరలేదు అప్పటికి.

అప్పటినుంచి కొత్త ఫిల్టర్‌లో ఆయిల్ నింపి బిగించడం మొదలుపెట్టాను. కొన్నాళ్లకి అసలు తేడా ఎంతుందో చూద్దామని ఫోన్‌లో వీడియో తీసి లెక్కపెట్టాను. ట్రాక్టర్ ఫిల్టర్‌లో దాదాపు 650 మిల్లీలీటర్లు పట్టింది, కారు ఫిల్టర్‌లో 250 దాకా. ఖాళీగా బిగించినప్పుడు ట్రాక్టర్ మీటర్లో ఆయిల్ ప్రెషర్ ముల్లు లేవడానికి ఏడెనిమిది సెకన్లు, నింపి బిగిస్తే రెండు, మూడు సెకన్లు. కారులో ఖాళీ ఫిల్టర్‌తో ఆయిల్ ప్రెషర్ ఎర్ర లైటు నాలుగైదు సెకన్లు వెలిగి ఆరింది, నింపితే మూడు సెకన్లు. కారు ఫిల్టర్ పక్కకి వాలి ఉంటుంది కాబట్టి నిండా పోస్తే బిగించేలోపే సగం నా మోచేతి మీదికి కారిపోతుంది, అందుకని సగమే పోసేవాణ్ణి. అంటే ఇంత తంటా పడి కారులో నేను మిగిల్చింది ఒకటి, రెండు సెకన్లు.

ఆ సెకన్లలో లోపల ఏం జరుగుతుందో తెలిశాక భయం చాలావరకు పోయింది. పాత ఆయిల్ దించినంత మాత్రాన బేరింగులు ఎండిపోవు, అరగంట క్రితందాకా నడిచిన ఇంజిన్ కదా, పల్చటి పొర అంటుకునే ఉంటుంది. పైగా స్టార్ట్ చేసింది లోడు లేకుండా స్లోలో. ఇంజిన్‌లోని ఆయిల్ పంపు కూడా తక్కువది కాదు, నిమిషానికి 4 లీటర్లే తోస్తుందనుకున్నా సెకనుకి 65 మిల్లీలీటర్ల పైమాటే, 250 మిల్లీలీటర్ల ఫిల్టర్ నాలుగు సెకన్లలో నిండాలి. నా వీడియోలో వచ్చిన లెక్కా అదే. ప్రతి ఇంజిన్ ప్రతి ఆయిల్ మార్పుకీ ఈ నాలుగు సెకన్లు పడుతూనే ఉంది, ఊళ్లో సగం ట్రాక్టర్లకి ఎవడూ ఏనాడూ ఫిల్టర్ నింపిన పాపాన పోలేదు.

ఇక నింపడంలో ఉన్న తిరకాసు. ఫిల్టర్ మూతి చూడండి, మధ్యలో మరలున్న పెద్ద కంత, దాని చుట్టూ చిన్న చిన్న కంతలు. మురికి ఆయిల్ చుట్టూ ఉన్న చిన్న కంతల్లోంచి లోపలికెళ్లి, పేపర్ బయటి వైపు నుంచి లోపలికి వడకట్టుకుని, మధ్య కంతలోంచి ఇంజిన్‌లోకి పోతుంది. మనం గరాటు పెట్టి మధ్య కంతలో పోస్తే ఏమైంది? వడకట్టని ఆయిల్‌ని నేరుగా శుభ్రమైన వైపు పోశాం. అందులో ఏ ఇసుక రేణువు పడినా అది పేపర్ దాటక్కర్లేదు, తిన్నగా బేరింగుల దగ్గరికే.

ఇది నాకు ఎలా తెలిసిందంటే, మార్చిలో మిర్చి కళ్లం పక్కనే ట్రాక్టర్ నిలబెట్టి ఆయిల్ మారుస్తున్నాను. క్యాన్ మూత కింద ఉండే వెండి రేకుని స్క్రూడ్రైవర్‌తో పొడిచి చింపాను. పోస్తుండగా ఆ రేకు ముక్క, బియ్యపుగింజంత ఉంటుంది, ఆయిల్‌తో పాటు జారి మధ్య కంతలో పడి తళుక్కుమని మునిగిపోయింది. చూశాను కాబట్టి సరిపోయింది. ఫిల్టర్‌ని బోర్లించి బనియన్ గుడ్డలో వడగడితే ఒకటి కాదు, రెండు ముక్కలు వచ్చాయి, ఎండు మిర్చి పొట్టు కూడా. చూడకుండా బిగించి ఉంటే? మంచి చేద్దామని పోయి నేనే ఇంజిన్‌లో చెత్త వేసినవాణ్ణి అయ్యేవాణ్ణి.

అప్పటినుంచి చిన్న కంతల్లోంచే పోస్తున్నాను. ఓపిక కావాలి. చాలా కారు ఫిల్టర్లలో ఆ కంతల వెనక రబ్బరు రేకు ఒకటి ఉంటుంది, ఇంజిన్ ఆపాక ఆయిల్ వెనక్కి జారకుండా అడ్డం పడేది. అది నెమ్మదిగా గానీ లోపలికి వదలదు. మా ట్రాక్టర్ లాగా మూతి పైకుండి నిలువుగా వేలాడే ఫిల్టర్‌కి ఆ రేకు అవసరమే ఉండదు, అది తొందరగా తాగుతుంది. పోయడం, పేపర్ పీల్చుకునేదాకా ఆగడం, బుడగలు తగ్గాక మళ్లీ పోయడం, టీ తాగి వచ్చేలోపు అయిపోతుంది. పోసిన కొలత గుర్తు పెట్టుకోండి, మొదటిసారి నేను ఫిల్టర్‌లో పోసింది లెక్కలోంచి తీసేయకుండా పుస్తకంలో రాసినంతా ఇంజిన్‌లో పోశాను, గేజు పుల్ల తీసి చూస్తే పై గీత దాటి వేలెడు పైకి ఉంది. మళ్లీ డ్రెయిన్ బోల్టు వదులు చేసి తీయడం, ఆ అవస్థ చెప్పుకోకూడదు.

బాబాయి స్విఫ్ట్ సంగతి వేరు. ఆ 1.3 డీజిల్ ఇంజిన్‌కి రేకు డబ్బా ఫిల్టర్ ఉండదు, గూడులో పెట్టే పేపర్ ఎలిమెంట్ మాత్రమే. నింపడానికి అక్కడ డబ్బా ఏది? బాబాయి మాత్రం "మనదానికి టర్బో ఉందిరా, ఏదో ఒకటి చెయ్" అని వెంటపడేవాడు. చేసేదేం లేదు బాబాయ్, స్టార్ట్ చేశాక అర నిమిషం యాక్సిలరేటర్ ముట్టుకోకుండా కూర్చో అనేవాణ్ణి. టర్బో ఉన్న బండికి ఆ అర నిమిషం రేజ్ చేయకుండా ఉండటం ఫిల్టర్ నింపడం కన్నా ఎక్కువ పని చేస్తుందని నా నమ్మకం.

డీజిల్ ఫిల్టర్ జోలికి మాత్రం ఈ అలవాటు తీసుకెళ్లకండి. క్యాన్‌లోని డీజిల్‌ని ఫిల్టర్ మధ్య కంతలో పోసి బిగించడం మా ఊళ్లో మామూలే, వడకట్టని ఆ డీజిల్ దాన్ని ఇంజిన్‌లోకి చిమ్మే నాజిళ్లకి మంచిది కాదు, బాగా ఎక్కువ ప్రెషర్‌తో చిమ్మే కామన్ రైల్ బండి అయితే మరీ. చేతి పంపు ఉన్నది అందుకే, నాలుగు నొక్కులు ఎక్కువ నొక్కితే పోలా?

అసలు నష్టం నాకు జరిగింది ఇంకోచోట. రెండేళ్ల క్రితం కారుకి ఆయిల్ మారుస్తూ, చుక్క కింద పడకుండా సగం నింపిన ఫిల్టర్‌ని ఎలా ఎక్కించాలా అన్న ధ్యాసలోనే ఉన్నాను. పాత ఫిల్టర్ ఊడింది గానీ దాని రబ్బరు రింగు ఇంజిన్‌కే అతుక్కుపోయి ఉంది. నేను పైకి చూడనే లేదు. దాని మీదే కొత్త ఫిల్టర్ బిగించేశాను. స్టార్ట్ చేస్తే లైటు చక్కగా మూడు సెకన్లలో ఆరింది, మనసులో నన్ను నేనే మెచ్చుకుంటున్నాను, ఇంతలో కింద ఏదో బిందె ఒంపినట్టు చప్పుడు. ఆపి దిగేసరికి రెండు లీటర్ల కొత్త ఆయిల్ వాకిట్లో. అమ్మ పొద్దున పెట్టిన ముగ్గు మీద. వరిపొట్టు రెండు బస్తాలు చల్లినా ఆ మరక ఇప్పటికీ ఉంది, వచ్చిన చుట్టాలకల్లా అమ్మ అది చూపించి మరీ చెబుతుంది. వెంటనే ఆపాను కాబట్టి ఇంజిన్‌కి ఏమీ కాలేదు.

కాబట్టి ఇప్పుడు నేను చేసేది ఇది. పాత ఫిల్టర్ తీయగానే దాని మూతికి రింగు ఉందో లేదో చూస్తాను, ఇంజిన్ మీద కూర్చునే చోట గుడ్డతో తుడిచి వేలితో తడిమి చూస్తాను. కొత్తదాని రింగుకి ఆయిల్ రాసి, రింగు తగిలాక చేత్తో ముప్పావు చుట్టు, పానా పెట్టను. కారుకి ఫిల్టర్ నింపడం పూర్తిగా మానేశాను, ఆ రోజునుంచి ఖాళీగానే. ట్రాక్టర్‌కి నింపుతాను, కానీ ఇంట్లో మారుస్తుంటే మాత్రమే, చేలో గాలి, దుమ్ము ఉంటే నింపను. మీటరు 5,600 గంటలు దాటింది, ఇంజిన్ ఇప్పటిదాకా విప్పలేదు, ఖాళీగా పెట్టిన మూడేళ్లకీ నింపిన ఆరేళ్లకీ ఆయిల్ ఖర్చులో గానీ, శబ్దంలో గానీ, ప్రెషర్‌లో గానీ నాకు తేడా ఏమీ కనపడలేదు. ట్రాక్టర్‌కి ఇంకా ఎందుకు నింపుతున్నావంటే, ముల్లు తొందరగా లేస్తే చూడ్డానికి బాగుంటుంది, అంతకుమించి కారణం చెప్పలేను.

అది కూడా అక్కర్లేదని పోయిన నెల నాన్న చూపించాడు. నాట్ల మధ్యలో పొలంలోనే మార్చాల్సి వచ్చి ఖాళీ ఫిల్టరే బిగించాను. నాన్న సీటెక్కి స్టాపర్ నాబ్ లాగి పట్టుకుని సెల్ఫ్ కొట్టాడు. డీజిల్ అందదు కాబట్టి ఇంజిన్ అంటుకోలేదు, ఊరికే తిరిగింది. పది సెకన్లు కొట్టి, స్టార్టర్ వేడెక్కకుండా కాస్త ఆగి, మళ్లీ కొట్టాడు. రెండోసారికి ముల్లు కొద్దిగా కదిలింది. అప్పుడు నాబ్ వదిలి స్టార్ట్ చేస్తే ముల్లు ఒక్కసారిగా పైకి లేచి నిలబడింది.

"నువ్వు ఆరేళ్లు గరాటు పట్టుకుని కూర్చుంది దీనికేనా?" అన్నాడు. గేరేసి దమ్ములోకి దిగిపోయాడు, నేను ఖాళీ క్యాన్లు ఏరుకుని గట్టెక్కాను.