కేదార్‌కంఠ మంచులోకి తేలికైన బ్యాగుతో: ఏది మోశాం, ఏది అద్దెకు తీసుకున్నాం

మంచుకొండలకు బయలుదేరే మనవాళ్ల బ్యాగులు విప్పి చూస్తే బరువంతా బట్టల్లోనే ఉంటుంది. లావుపాటి స్వెటర్లు, జీన్సు ప్యాంట్లు, అమ్మ చివరి నిమిషంలో కుక్కిన శాలువా, అన్నిటికీ పైన ఒక రగ్గు. ఎండకు అలవాటుపడ్డ ఊళ్ల నుంచి వెళతాం కాబట్టి చలి అనగానే చేతికందిన వెచ్చని గుడ్డల్లా సర్దేస్తాం. జనవరిలో కేదార్‌కంఠకు వెళ్లాలనుకున్నప్పుడు నేనూ, విశాఖలో ఉండే నా మిత్రుడూ ముందే ఒక నియమం పెట్టుకున్నాం. తిండి, నీళ్లు కాక బ్యాగు ఏడు కిలోలు దాటకూడదు. అయితే రాత్రి నిద్రకు కావలసినవాటిలో మాత్రం ఏదీ తగ్గించకూడదు. తగ్గించేదంతా పగటి బట్టల్లోనే తగ్గించాలి. తిరిగి వచ్చాక కూడా నా మాట అదే.

కేదార్‌కంఠ ఉత్తరాఖండ్‌లోని ఉత్తరకాశీ జిల్లాలో, గోవింద్ పశు విహార్ అభయారణ్యంలో ఉంది. శిఖరం ఎత్తు దాదాపు 12,500 అడుగులు. నడక మొదలయ్యే సాంక్రీ గ్రామం 6,400 అడుగుల దగ్గర ఉంటుంది. వెయ్యి మీటర్లు పైకి వెళితే ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు పడిపోతుందన్న లెక్క వేసుకోండి. సాంక్రీలో సున్నా ఉంటే శిఖరం మీద మైనస్ పన్నెండు ఉంటుంది, గాలి కొడితే అంతకన్నా చలిగా తోస్తుంది. హిమాలయాల్లో చాలా దారులు మూతపడే కాలంలో కూడా ఇక్కడికి నడిచి వెళ్లగలగడం వల్లే తొలిసారి మంచులో నడిచేవాళ్లు ఎక్కువగా దీన్ని ఎంచుకుంటారు.

ఢిల్లీ దాకా రైల్లో వెళ్లి, అక్కడి నుంచి మరో రైల్లో డెహ్రాడూన్ చేరుకున్నాం. విమానంలో సమయం కలిసివస్తుంది, కాదనను. కానీ వంట గ్యాసు డబ్బాలను విమానంలోకి అసలు రానివ్వరు, పవర్ బ్యాంకును చేతి సంచిలోనే పెట్టుకోవాలి. సొంతంగా వండుకునే ఉద్దేశం ఉన్నవాళ్లు గ్యాసును డెహ్రాడూన్‌లోనే కొనుక్కోవాలి. డెహ్రాడూన్ రైల్వే స్టేషను పక్కనున్న బస్టాండు నుంచి పొద్దున్నే సాంక్రీ వైపు బస్సు ఉంటుంది. షేర్ జీపులూ దొరుకుతాయి. దాదాపు రెండు వందల కిలోమీటర్లు, ఎనిమిది నుంచి పది గంటల ప్రయాణం. బస్సు చవక, కానీ బ్యాగులు పైకప్పు మీదికి వెళతాయి. వాన పడినా మంచు పడినా మీ స్లీపింగ్ బ్యాగ్ పని అయిపోయినట్టే. బయటి రెయిన్ కవర్ గాలికి ఎగిరిపోతుంది. అందుకే బ్యాగు లోపల మందపాటి ప్లాస్టిక్ సంచి పరిచి, సామాను మొత్తం అందులో సర్ది, మూతి మెలితిప్పి కట్టడం మేలు. దాని బరువు యాభై గ్రాములుంటుందేమో, అది కాపాడేది మాత్రం రాత్రి నిద్రను.

ముస్సోరీ, నౌగావ్, పురోలా, మోరీ మీదుగా దారి మెలికలు తిరుగుతూ సాగుతుంది. కడుపులో తిప్పేవాళ్లు ముందే మాత్ర వేసుకోవాలి. డబ్బు పురోలాలోనే తీసి పెట్టుకోండి, ఆ తర్వాత ఏటీఎం మీద ఆశ వద్దు. నైట్వార్ దగ్గర రూపిన్, సూపిన్ నదులు కలిసి టోన్స్ అవుతాయి. అటవీ శాఖ తనిఖీ కూడా అక్కడే, గుర్తింపు కార్డు నకళ్లు పైజేబులో ఉంచుకోవాలి. ఆ రెండు నదులూ కలిసేచోట ఆకుపచ్చ నీళ్లను చూడటానికి ఓ పది నిమిషాలు దొరికితే వదులుకోకండి.

సాంక్రీలో బస రెండు రకాలు. రోడ్డు వెంట కొత్తగా కట్టిన సిమెంటు లాడ్జీలు, కాస్త పైన దేవదారు కలపతో కట్టిన ఇళ్లలో హోమ్‌స్టేలు. వెళ్లేటప్పుడు లాడ్జిలో, తిరిగి వచ్చాక హోమ్‌స్టేలో ఉన్నాం కాబట్టి రెండూ తెలుసు. లాడ్జిలో బాత్రూము గదిలోనే ఉంటుంది, అదొక్కటే దాని గొప్ప. గోడలు రాత్రంతా చలిని కక్కుతూనే ఉన్నాయి. వేడినీళ్లకు బకెట్‌కు ఇంతని విడిగా డబ్బు కట్టాలి. కలప ఇంట్లో గది చిన్నది, బాత్రూము బయట, అయినా చెక్క గోడలు ఒంట్లో వేడిని లాగేయవు. వంటింట్లో పొయ్యి చుట్టూ కూర్చోనిస్తారు. తడిసిన మేజోళ్లు, గ్లౌజులు అక్కడే ఆరిపోయాయి. రాజ్మా, అన్నం, మండువా రొట్టె పెట్టారు. మండువా అంటే మన రాగులే. నెయ్యి రాసిన ఆ వేడి రొట్టె తింటుంటే మిత్రుడికి పాడేరులో తిన్న రాగి రొట్టెలు గుర్తొచ్చాయి. మళ్లీ వెళితే రెండుసార్లూ హోమ్‌స్టేలోనే ఉంటాను.

ఇక అద్దె సామాను సంగతి. సాంక్రీలో దాదాపు అన్నీ అద్దెకు దొరుకుతాయి. బూట్ల కింద తొడిగే ఇనుప పళ్ల మైక్రోస్పైక్స్, మంచు బూట్లలోకి పోకుండా మోకాలి దాకా కట్టుకునే గెయిటర్లు, చేతికర్రలు, జాకెట్లు, స్లీపింగ్ బ్యాగులు. వీటిలో మొదటి మూడూ నిశ్చింతగా అద్దెకు తీసుకోవచ్చు. వాటిని హైదరాబాద్ నుంచి మోసుకెళ్లడం దండగ. స్పైక్స్ తీసుకునేటప్పుడు రబ్బరు పట్టీని గట్టిగా లాగి పగుళ్లు చూసుకోండి, మీ బూటుకు తొడిగి నాలుగడుగులు వేసి చూడండి. స్లీపింగ్ బ్యాగ్ మాత్రం సొంతదే ఉండాలి. ఒక దుకాణంలో మాకు చూపించిన బ్యాగు లోపల చెమ్మగా ఉంది, జిప్పు సగంలో ఆగిపోతోంది. తడి లేదని దుకాణదారు వాదించాడు. అరచేయి లోపల పెట్టి నిమిషం ఉంచితే తెలిసిపోయింది. సీజనులో రోజుకొకరు వాడి తిరిగిచ్చే బ్యాగు ఆ చలిలో ఆరేదెప్పుడు?

స్లీపింగ్ బ్యాగ్ కొనేటప్పుడు దాని మీద రాసిన ఉష్ణోగ్రతలను సరిగ్గా చదవాలి. అందరికీ కనిపించేలా పెద్దక్షరాలతో రాసేది చాలాసార్లు ఎక్స్‌ట్రీమ్ అంకె. అది ప్రాణం నిలిచే హద్దు, నిద్ర పట్టే హద్దు కాదు. చూడాల్సింది కంఫర్ట్ అన్న అంకె. మైనస్ ఐదు కంఫర్ట్ ఉన్న డౌన్ బ్యాగు కిలో పైచిలుకు తూగుతుంది. అదే వెచ్చదనమిచ్చే సింథటిక్ బ్యాగు దానికి దాదాపు రెట్టింపు బరువు, చోటూ ఎక్కువే పడుతుంది. డౌన్ అంటే బాతుల, పెద్దబాతుల ఈకల అడుగున ఉండే నూగు. ఫిల్ పవర్ 600, 800 అని రాస్తారు. ఒక ఔన్సు నూగు ఎన్ని ఘనపు అంగుళాల మేర విచ్చుకుంటుందో చెప్పే అంకె అది. ఎక్కువ ఉంటే అదే వెచ్చదనం తక్కువ బరువులో వస్తుంది. తడిస్తే మాత్రం ఆ నూగు ముద్దకట్టి పనికిరాకుండా పోతుంది.

చాలామంది పట్టించుకోనిది కింద పరిచే చాప. పడుకున్నప్పుడు మన బరువుకు స్లీపింగ్ బ్యాగ్ అడుగు భాగం నలిగిపోతుంది, అక్కడ వెచ్చదనం ఉండదు. నేల చలిని ఆపేది చాప ఒక్కటే. దాని శక్తిని ఆర్ విలువతో కొలుస్తారు. మామూలు ఫోము చాపకు అది రెండు దాకా ఉంటుంది, మంచు మీద ఐదు దాకా కావాలి. ఒకదాని మీద ఒకటి పరిస్తే రెండింటి విలువలూ కలుస్తాయి. మేము గాలి నింపే చాప కింద ఫోము చాప వేసుకున్నాం. గాలి చాప చిరిగినా ఫోము మిగులుతుంది, దారిలో ఆగినప్పుడు మంచు మీద కూర్చోవడానికీ అదే.

పగటి బట్టలు ఎన్ని తగ్గించినా నష్టం లేదు. చెమట పీల్చని థర్మల్ ఒకటి, దానిపైన పల్చటి ఫ్లీస్ (సింథటిక్) స్వెటరు, ఆగినప్పుడు వేసుకోవడానికి మూడు వందల గ్రాముల డౌన్ జాకెట్, గాలీ వానా ఆపే పైకోటు. నడవడానికి ఒక ప్యాంటు. పడుకోవడానికి మరో జత థర్మల్స్, ఒక జత ఉన్ని మేజోళ్లు. ఇవి గుడారంలో తప్ప బయట తొడగకూడదు, పొడిగా ఉండాలి. నూలు బట్ట ఒక్కటి కూడా పెట్టుకోలేదు. నూలు మన ఎండలకు హాయి. అక్కడ మాత్రం అది చెమట పీల్చుకుని ఆరక, ఒంటికి అంటుకుని వేడినంతా లాగేస్తుంది. జీన్సుదీ అదే తీరు. సాంక్రీ కుర్రాడే అయిన మా గైడ్ మొదటి ఎత్తుకు ముందే ఆపి జాకెట్లు విప్పించాడు. “బయలుదేరేటప్పుడు కాస్త చలి వేస్తూనే ఉండాలి భయ్యా. లోపల తడిస్తే పైన ఎన్ని వేసుకున్నా లాభం లేదు” అన్నాడు. పావుగంటలో మాకు ఒళ్లు వెచ్చబడింది. మా ముందు లావు జాకెట్లతో ఎక్కినవాళ్లు మొదటి టీ దుకాణం దగ్గరే చెమటతో తడిసి వణుకుతున్నారు.

జూడా కా తాలాబ్ 9,100 అడుగుల దగ్గర ఓక్, పైను చెట్ల మధ్య ఉన్న చిన్న చెరువు. శీతాకాలంలో గడ్డకడుతుంది. మొదటి మజిలీ అక్కడే. సాయంత్రం సూర్యుడు చెట్ల వెనక్కి వెళ్లగానే చలి ఒక్కసారిగా దిగింది. మా పని ఒక వరసలో సాగింది. ముందు గాలి చాప నింపాం. స్లీపింగ్ బ్యాగును తీసి దులిపి వదిలేశాం, నూగు విచ్చుకోవడానికి సమయం కావాలి. నీళ్లు మరిగించి సీసాలో పోసి, మూత బిగించి, మేజోడులో దూర్చి బ్యాగు లోపల తొడల మధ్య పెట్టుకున్నాం. ఫోను, పవర్ బ్యాంకు, టార్చి బ్యాటరీలు కూడా లోపలికే, చలికి బ్యాటరీ శక్తి తొందరగా పడిపోతుంది. నీళ్లు వడకట్టే సన్నని గొట్టాల ఫిల్టరుంటే దాన్నీ లోపలే పెట్టాలి. లోపలి తడి గడ్డకడితే గొట్టాలు పగులుతాయి, పగిలినట్టు బయటికి కనిపించదు. మిగతా నీళ్ల సీసాను తలకిందులుగా నిలబెట్టాం. మంచు పైనుంచి గడ్డకడుతుంది కాబట్టి పొద్దున మూత తీస్తే నీళ్లు వస్తాయి. ముక్కు మాత్రం బ్యాగు బయటే ఉంచాలి. ఊపిరిలోని తడి లోపల చేరితే నూగు తేమెక్కుతుంది. తెల్లారి చూస్తే ఆ ఊపిరి తడి అంతా గుడారం లోపలి గుడ్డ మీద తెల్లటి మంచు పొడిగా అంటుకుని ఉంది, వేలితో తడితే రాలింది.

గుడారాన్ని ఇంటి నుంచి మోయలేదు. గుడారాలూ, వంటా స్థానిక బృందానికి అప్పగించాం. అనుభవం ఉన్నవాళ్లు సొంత గుడారంతో వెళితే స్వేచ్ఛ ఎక్కువ, కానీ బరువు రెండు కిలోల పైన పెరుగుతుంది. మంచు కరిగించి నీళ్లు చేసుకోవడానికి గ్యాసు కూడా బాగా ఖర్చవుతుంది. తొలిసారి వెళ్లేవాళ్లు ఈ బరువును డబ్బిచ్చి వదిలించుకోవడమే తెలివి. ఆ బృందం వంట చక్కగా చేసింది, వేడి సూపూ పప్పూ వేళకు అందాయి. గుడారాలను మాత్రం మరీ దగ్గర దగ్గరగా వేశారు, పక్క గుడారం గురక కూడా వినిపించింది. బ్యాగులను కంచర గాడిదల మీద పంపే సదుపాయం ఉంది కానీ మాకు అవసరం రాలేదు.

తిండిలో ఇంటి నుంచి తీసుకెళ్లినవి పల్లీ చిక్కీ, నువ్వుల ఉండలు, కందిపొడి. కొవ్వు గ్రాముకు తొమ్మిది క్యాలరీలిస్తే పిండిపదార్థం నాలుగే ఇస్తుంది కాబట్టి చలిలో పల్లీలు, నువ్వులు తక్కువ బరువుకు ఎక్కువ బలం. దుకాణాల్లో దొరికే చాక్లెట్ బార్లు అక్కడ రాయిలా బిగుసుకుపోయాయి. చిక్కీ మాత్రం ఎప్పటిలాగే పుటుక్కున విరిగింది. పడుకునే ముందు రెండు నువ్వుల ఉండలు తింటే తెల్లవారుజాము చలి తట్టుకోగలిగాం.

శిఖరానికి చీకట్లోనే బయలుదేరాలి. తల దీపం, లోపల పల్చటి గ్లౌజులు, వాటిపైన గాలి ఆపే గ్లౌజులు తప్పనిసరి. కేవలం లావు గ్లౌజులే ఉంటే స్పైక్స్ పట్టీ సరిచేసుకోవడానికి చేతులు బయటికి తీయాల్సి వస్తుంది. పైనుంచి స్వర్గారోహిణి, బందర్‌పూంఛ్, కాలానాగ్ శిఖరాలు వరసగా కనిపించాయి. పాండవులు నడిచారని చెప్పే స్వర్గారోహిణి మీద మొదటి ఎండ పడుతుంటే అక్కడే గంటసేపు కూర్చోవాలనిపించింది. కానీ వెనక పెద్ద వరస ఎదురుచూస్తోంది. డిసెంబరు చివర, జనవరి మొదట్లో ఇక్కడ జనం విపరీతం. దారిలో చిప్స్ కవర్లు, సీసాలు మంచులో కూరుకుపోయి ఉండటం చూసి బాధేసింది. వీలైతే ఫిబ్రవరి రెండో సగంలో, వారం మధ్యలో వెళ్లండి. మంచు అప్పటికీ ఉంటుంది.

కొత్త సామాను కొన్నవాళ్లు దాన్ని నేరుగా హిమాలయాలకు తీసుకెళ్లకుండా, డిసెంబరులో లంబసింగిలోనో అరకులోనో ఒక రాత్రి గుడారంలో పడుకుని చూడండి. లంబసింగిలో చలి కొన్నేళ్లు సున్నా దగ్గరికీ చేరుతుంది. జిప్పు ఎలా ఉంది, చాప గాలి నిలుపుతోందా, తెల్లవారుజామున కాళ్లు చల్లబడుతున్నాయా అన్నవి అక్కడే తేలిపోతాయి. తేడా వస్తే పొద్దున్నే బస్సెక్కి ఇంటికి రావచ్చు. తిరిగొచ్చాక డౌన్ బ్యాగును చుట్టిపెట్టి మూట కట్టకండి, నూగు అణిగిపోతుంది. నీడలో బాగా ఆరనిచ్చి, పెద్ద గుడ్డ సంచిలో వదులుగా వేసి అలమరలో పెట్టండి. విశాఖ లాంటి తీరపు ఊళ్లలో వానాకాలంలో నెలకోసారి బయటికి తీసి గాలి తగలనివ్వాలి.