మ్యాచ్ ప్లేనా, స్ట్రోక్ ప్లేనా: అమెరికా మహిళల ఓపెన్‌కి ఏది మేలు?

అమెరికా మహిళల ఓపెన్ గోల్ఫ్ మొదలైంది 1946లో, స్పోకేన్‌లో. మ్యాచ్ ప్లే (ఒక్కో హోల్‌ని, అంటే ఒక్కో గుంటని, ఎవరు గెలిచారో లెక్కపెట్టే పద్ధతి) ఆడింది ఆ ఒక్క ఏడాదే. 1947లో గ్రీన్స్‌బరోలో స్ట్రోక్ ప్లేకి (కొట్టిన దెబ్బలన్నీ, అంటే స్ట్రోకులన్నీ కూడి, తక్కువున్నవారిని గెలిపించే పద్ధతికి) మారాక మళ్లీ వెనక్కి చూడలేదు. తొలి ఫైనల్లో ప్యాటీ బెర్గ్ చేతిలో బెట్టీ జేమ్సన్ ‘5 అండ్ 4’తో ఓడింది. అంటే ఇంకా 4 హోల్స్ మిగిలుండగానే బెర్గ్ 5 హోల్స్ ముందుంది. 36 హోల్స్ ఫైనల్ 32వ హోల్ దగ్గరే ముగిసింది.

తేడా ఎక్కడో చూద్దాం. మూడు హోల్స్‌లో ఒకామెకి 4, 4, 9. ఇంకొకామెకి 5, 5, 4. మ్యాచ్ ప్లేలో మొదటామెదే పైచేయి, రెండు హోల్స్ గెలిచింది కాబట్టి. స్ట్రోక్ ప్లేలో ఆమె మొత్తం 17, ఇంకొకామెది 14, అంటే మూడు స్ట్రోకులు వెనక. మ్యాచ్ ప్లేలో బంతి నీళ్లపాలైతే ఆ ఒక్క హోల్ వదులుకుంటే సరి. దగ్గరి పుట్‌ని (బంతిని గుంటలోకి దొర్లించే దెబ్బని) ఎదుటామె కొట్టించకుండానే ఒప్పేసుకోవచ్చు. స్ట్రోక్ ప్లేలో జానెడు దూరమైనా బంతి గుంటలో పడాల్సిందే.

ఛాంపియన్‌ని తేల్చడానికి మాత్రం స్ట్రోక్ ప్లేనే నయం. నాకౌట్లో బాగా ఆడినా, ఆ పూట ఎదుటామె ఇంకాస్త బాగా ఆడితే ఇంటికే. స్పోకేన్‌లో కూడా క్వాలిఫయింగ్‌ని స్ట్రోక్ ప్లేలోనే పెట్టారు మరి! పైగా లెక్క మిగులుతుంది. 1947లో జేమ్సన్ 295 స్ట్రోకులతో గెలిచి, 72 హోల్స్ పోటీలో 300 లోపు ఆడిన తొలి మహిళ అయింది. ‘5 అండ్ 4’ని దేనితో పోల్చి చూస్తాం?

స్ట్రోక్ ప్లేలో ముల్లంతా స్కోరు కార్డులోనే. 1957లో వింగ్డ్ ఫుట్‌లో జాకీ పంగ్ 298తో అందరికన్నా ముందుంది. చివరి రౌండ్ నాలుగో హోల్లో ఆమె ఆడింది 6, కార్డులో పడింది 5. మొత్తం మాత్రం సరిగ్గానే ఉంది. ఆ కార్డు రాసింది ఆమెతో కలిసి ఆడిన జేమ్సనే. జేమ్సన్‌కీ అక్కడ 6 వస్తే పంగ్ కూడా 5 అనే రాసింది. ఇద్దరూ అనర్హులయ్యారు, 299 ఆడిన బెట్సీ రాల్స్‌కి టైటిల్ దక్కింది.

కూడిక కమిటీ చూసుకుంటుంది. ఒక్కో హోల్ అంకెకి మాత్రం ఆటగత్తెదే పూచీ. తక్కువ పడితే అనర్హత, ఎక్కువ పడితే ఆ ఎక్కువే ఖాయం. అందుకే సంతకానికి ముందు చూడాల్సింది మొత్తం కాదు, 18 గళ్లూ. మ్యాచ్ ప్లేలో ఈ గండం లేదు, ఏ హోల్ ఎవరిదో అక్కడికక్కడే తేలిపోతుంది.

అనర్హురాలైన పంగ్‌కి వింగ్డ్ ఫుట్ క్లబ్బు సభ్యులు చందాలేసుకుని ఇచ్చిన సొమ్ము, రాల్స్ గెలుచుకున్న 1,800 డాలర్లను మించింది.