చవక డిస్క్ గోల్ఫ్ బుట్ట: కొన్నాక దిమ్మె, లోపలి గొలుసులు చేయించాల్సిందే

ఆన్‌లైన్‌లో దొరికే చవక డిస్క్ గోల్ఫ్ ప్రాక్టీసు బుట్ట కొనొచ్చా అంటే కొనొచ్చు. కాకపోతే డబ్బాలో వచ్చింది వచ్చినట్టు బిగించుకుని ఆడేద్దాం అనుకుంటే మాత్రం ఆ డబ్బు దండగ. అది సగం సామానే. మిగతా సగం మన ఊర్లో వెల్డింగ్ షాపులో, ఇనుప సామాన్ల దుకాణంలో దొరుకుతుంది, అదీ బుట్ట ధరలో మూడో వంతు కూడా కాదు. నేను నల్గొండలో మా ఇంటి ముందు వాకిట్లో పెట్టుకుని ఎండాకాలం, వానాకాలం రెండూ చూశాక రాస్తున్న రివ్యూ ఇది.

ఆట తెలియనివాళ్లకు రెండు ముక్కలు. గోల్ఫ్ లాంటిదే, బంతికి బదులు ఫ్రిస్బీ లాంటి డిస్కు, గుంతకు బదులు గొలుసులు వేలాడే ఇనుప బుట్ట. దూరం నుంచి విసురుకుంటూ వచ్చి చివరికి బుట్టలో వేయాలి, తక్కువ విసుర్లలో వేసినవాడు గెలిచినట్టు. ఆ చివరి విసురును పట్ అంటారు, ఇంట్లో ప్రాక్టీసు చేసేది దాన్నే. దూరం పోవడానికి వాడే డ్రైవర్ డిస్కు విసరాలంటే మా ఊరి ఎన్జీ కాలేజీ గ్రౌండంత జాగా కావాలి, పట్‌కు వాకిలి చాలు.

బుట్ట కంపెనీ పేరు రాయను, ఎందుకంటే ఇదే డిజైను నాలుగైదు పేర్లతో అమ్ముతున్నారు, స్టిక్కరు ఒక్కటే తేడా. డబ్బాలో వచ్చేవి ఇవీ: మూడు ముక్కల పైపు, నాలుగు కాళ్ల స్టాండు, తీగలతో చేసిన బుట్ట, పైన రింగు, దానికి వేలాడే 12 గొలుసులు. బిగించడం తేలిక, పాన కూడా వాళ్లే ఇచ్చారు. పెయింటు చూడ్డానికి బాగుంది. మొదటి డిస్కు తగలగానే గలగలమన్న చప్పుడుకి మా పిల్లలు ఎగిరారు. మంచి అంతవరకే.

అసలు గొలుసులు ఎందుకో తెలిస్తే చవక బుట్టలో ఏం లోపమో అర్థమవుతుంది. 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో మొదటి శాశ్వత కోర్సు, అంటే ఈ ఆట ఆడే మైదానం, పెట్టినప్పుడు అక్కడ ఉన్నవి ఉత్త స్తంభాలే, డిస్కు వాటికి తగలాలి, అంతే. ఆ కోర్సు వేసిన ఎడ్ హెడ్రిక్ వామ్-ఓ అనే ఫ్రిస్బీ కంపెనీలో పనిచేసినవాడు, తర్వాత ఆయనే గొలుసులూ బుట్టా ఉన్న స్తంభం తయారుచేసి 1977లో పేటెంటు తెచ్చుకున్నాడు. 1976లో పీడీజీఏ అనే ఆటగాళ్ల సంఘం పెట్టిందీ ఆయనే. (2002లో చనిపోయాక ఆయన కోరిక ప్రకారం చితాభస్మాన్ని ప్లాస్టిక్‌లో కలిపి డిస్కులు చేశారు. మనం కృష్ణలో కలుపుతాం, ఆయన గాల్లో ఎగరాలనుకున్నాడు.) గొలుసు పని ఏంటంటే డిస్కు వేగాన్ని మింగడం. ఊగుతూ, బరువుతో వెనక్కి లాగుతూ డిస్కును ఆపి కింద బుట్టలోకి జారవిడవాలి. అంటే గొలుసుకు బరువుండాలి, సంఖ్య ఉండాలి, కొంచెం వదులుగా వేలాడాలి. చవక బుట్టలో మూడోది తప్ప మిగతా రెండూ లేవు.

లెక్క చూడండి. నా బుట్ట పై రింగు వ్యాసం సుమారు 50 సెంటీమీటర్లు, అంటే చుట్టుకొలత 157. పన్నెండు గొలుసులకు పంచితే ఒక్కో సందు 13 సెంటీమీటర్లు. పట్ చేయడానికి వాడే పట్టర్ డిస్కు వెడల్పు 21 సెంటీమీటర్లు, బరువు 170 గ్రాముల పైమాటే. సూటిగా మధ్యలోకి వచ్చినా ఒకటో రెండో సన్నపు గొలుసులు తగులుతాయి, అవి పక్కకు తప్పుకుంటాయి, డిస్కు వెళ్లి పైపుకు కొట్టుకుని తిరిగి మన కాళ్ల దగ్గరికే వస్తుంది. టోర్నమెంట్లలో వాడే బుట్టలకు లోపల ఇంకో వరుస ఉంటుంది. ఇన్నోవా కంపెనీ బుట్ట డిస్‌క్యాచర్ ప్రో తీసుకుంటే బయట 18, లోపల 10, మొత్తం 28. డీజీఏ కంపెనీ వాళ్ల మాక్ ఎక్స్ బుట్టకు 40. ఆ ధరలకు షిప్పింగూ కస్టమ్సూ కలిపితే ఇక్కడ పాత స్కూటీ వస్తుంది, అందుకే ఈ తిప్పలన్నీ.

అందరూ ముందు గొలుసుల మీద పడతారు. ముందు చేయించాల్సింది బుట్ట నిలబడే అడుగు దిమ్మె. ఎందుకంటే పైన గొలుసు బరువు పెంచిన కొద్దీ బుట్ట పడిపోవడం ఎక్కువవుతుంది, ఆ నాలుగు కాళ్ల స్టాండు ఉన్న బరువుకే ఆగట్లేదు. ఆషాఢం గాలి మొదలైతే మా వాకిట్లో రాత్రి పూట గొలుసులతో సహా దభీమని పడేది. ఇసుక బస్తాలు పెట్టి చూశాను, ఆగుతుంది కానీ వాన పడితే బస్తా చిరిగి వాకిలంతా ఇసుక, మా ఆవిడ చీపురు నా చేతికే ఇచ్చింది.

సరైన మందు పాత స్కూటర్ టైరు. పంక్చర్ షాపులో అడిగితే ఊరికే ఇచ్చారు. నేల మీద పాలిథిన్ కవరు పరిచి, టైరు పెట్టి, మధ్యలో బుట్ట పైపు కంటే ఒక సైజు పెద్ద ఇనుప పైపు ముక్క నిలబెట్టి, చుట్టూ కాంక్రీటు నింపాలి. ఒక పాలు సిమెంటు, రెండు పాళ్లు ఇసుక, నాలుగు పాళ్లు చిన్న కంకర. ఎండకు తొందరగా బీటలిస్తుంది కాబట్టి గోనెసంచి కప్పి వారం పాటు తడుపుతూ ఉండాలి. పాతిక కిలోల దిమ్మె తయారవుతుంది. బుట్ట పైపు అందులో దిగి నిలబడుతుంది, తీయాలంటే పైకి లాగితే చాలు, టైరును దొర్లించుకుంటూ మూలకు పెట్టేయొచ్చు. ఇక్కడ రెండు సంగతులు. ఆ పెద్ద పైపు నిటారుగా ఉందో లేదో మేస్త్రి తూకం గుండుతో చూడండి, కాస్త వంగినా బుట్ట మొత్తం వంగి జీవితాంతం అలాగే ఉంటుంది. రెండోది, అడుగున నీళ్లు పోయే దారి వదలండి, లేకపోతే వాన నీళ్లు నిలిచి పైపు లోపలి నుంచి తుప్పు పడుతుంది. ఎత్తు కూడా కొలుచుకోండి, బుట్ట పై అంచు నేల నుంచి 82 సెంటీమీటర్ల దగ్గర ఉండాలని పీడీజీఏ ప్రమాణం, అయిదారు సెంటీమీటర్లు అటూ ఇటూ ఫర్వాలేదు. మిద్దె మీద పెట్టుకునేవాళ్లకు ఈ దిమ్మె వద్దు, మెట్లెక్కించేటప్పుడు నడుములు పోతాయి. వాళ్లు స్టాండు కాళ్ల మీద సిమెంటు ఇటుకలు పెట్టి బైండింగ్ వైరుతో కట్టుకుంటే సరిపోతుంది.

పైపు ముక్కల అతుకులు ఒకదాంట్లో ఒకటి దూర్చేవి, ప్రతి దెబ్బకూ కదులుతాయి, కొన్నాళ్లకు బుట్ట తల ఆడిస్తూ ఉంటుంది. ఒక్కో అతుకు దగ్గర రెండు పైపులకూ కలిపి అడ్డంగా రంధ్రం వేయించి 6 ఎంఎం బోల్టు, వాషరు వేసి బిగిస్తే అయిపోయింది. వెల్డింగ్ చేయిస్తే ఇంకా గట్టిగా ఉంటుంది కానీ తర్వాత విప్పి కారు డిక్కీలో వేయలేం.

ఇప్పుడు గొలుసులు. ప్రకాశం బజారులో ఇనుప సామాన్ల దుకాణాల్లో గొలుసు కిలో లెక్కన అమ్ముతారు. బర్లకు కట్టే గొలుసు, ఊయల గొలుసు, గేటు గొలుసు అని రకాలు. తీసుకోవాల్సింది 4 ఎంఎం మందం ఉన్న జీఐ గొలుసు. జింకు పూత ఉంటుంది కాబట్టి తుప్పుకు కొన్నేళ్లు ఆగుతుంది, నల్ల గొలుసు చవకే కానీ మొదటి వానకే డిస్కుల మీద ఎర్ర మరకలు పడతాయి. నేను వెంట తీసుకుపోయిన పాత గొలుసు ముక్క చూసి దుకాణం పెద్దాయన "ఇంత సన్నది కుక్కపిల్లకు గూడ ఆగదు సార్, దేనికిది?" అన్నాడు. ఆట అని చెప్తే నమ్మలేదు, ఫోన్‌లో వీడియో చూపించాక మాత్రం ముక్కలన్నీ తనే కొలిచి కట్ చేయించి ఇచ్చాడు.

చేయించింది ఇంతే. 8 ఎంఎం ఇనుప కడ్డీని 25 సెంటీమీటర్ల వ్యాసంతో గుండ్రంగా వంచి, పై రింగు ఊచలకు కింద వైపు వెల్డింగ్ చేయించాను. దానికి ఎనిమిది గొలుసులు, ఒక్కోటి 55 సెంటీమీటర్లు, బయటి గొలుసుల సందులకు ఎదురుగా వచ్చేట్టు వేలాడదీశాం. కింది కొసలన్నీ పైపు చుట్టూ వదులుగా తిరిగే ఒక చిన్న కడియానికి తగిలించాలి. ఆ కడియాన్ని పైపుకు అతికించొద్దు. వెల్డింగ్ అన్న అతికించేస్తే గట్టిగా ఉంటుందని పట్టుబట్టాడు, గట్టిగా ఉండటమే మనకు పనికిరాదు, బిగుసుకుపోయిన గొలుసు డిస్కును మింగదు, తిప్పికొడుతుంది. తగిలించడానికి ఎస్ హుక్కులు వాడితే నోరు పటకారుతో పూర్తిగా మూసేయండి, తెరిచి ఉంటే రెండు రోజుల్లో ఊడి కింద పడతాయి.

దీంతో సుమారు కిలోన్నర బరువు పెరిగింది, తేడా మొదటి సాయంత్రమే తెలిసింది. మధ్యలో తగిలినవి ఇప్పుడు పైపు దాకా పోవడం లేదు, చప్పుడు కూడా మారింది, పలచటి గలగల పోయి బరువైన ఝల్లు వచ్చింది. అయితే అన్నీ ఆగుతాయని చెప్పను. అంచున తగిలినవి ఇప్పటికీ పోతాయి, అందులోనూ ఎడమ వైపువి. కుడిచేత్తో బ్యాక్‌హ్యాండ్, అంటే చెయ్యి ఒంటికి అడ్డంగా ఎడమ పక్కకు తెచ్చి, విసిరితే డిస్కు పైనుంచి చూసినప్పుడు గడియారం ముల్లు దిశలో తిరుగుతుంది. బుట్టకు కుడి పక్కన తగిలితే ఆ తిరుగుడే గొలుసును పట్టుకుని డిస్కును ఆపుతుంది, ఎడమ పక్కన తగిలితే అదే తిరుగుడు దాన్ని ముందుకు జార్చి వెనక నుంచి బయటపడేస్తుంది. ఖరీదైన బుట్టలకూ ఈ బలహీనత ఉంది, గొలుసులు ఎక్కువ కాబట్టి తక్కువ కనిపిస్తుంది, అంతే. నా మటుకు నేను దాన్ని అలాగే ఉంచాను. ఇంట్లో బుట్ట అన్నీ పట్టేస్తే కోర్సులో గురి చెడుతుంది.

పెయింటు గురించి. గొలుసులు రాసుకునే చోట, బుట్ట తీగల మీద డిస్కులు పడేచోట పెయింటు లేచిపోయి తుప్పు మొదలవుతుంది. ఉప్పు కాగితంతో రుద్ది, ఒక పూత రెడ్ ఆక్సైడు, పైన సిల్వర్ పెయింటు వేస్తే చాలు. గొలుసులకు వేయొద్దు, పెచ్చులూడి డిస్కులకు అంటుకుంటుంది.

దండగ ఖర్చు అనిపించింది ఒక్కటే, పై రింగుకు చుట్టిన ఎల్ఈడీ లైట్ల పట్టీ. రాత్రి ఆడదామని వేయించాను. డిస్కు దెబ్బలకు కొన్ని బల్బులు పోయాయి, మిగతావి కోతులు పీకేశాయి. మా కాలనీలో కోతుల సంగతి వేరే చెప్పక్కర్లేదు, మధ్యాహ్నం పూట గొలుసులు పట్టుకుని ఊగుతాయి, బుట్టలో కూర్చుని అరటి తొక్కలు వదిలిపోతాయి. దిమ్మె వేయకముందు అవి ఊగితేనే బుట్ట పడిపోయేది, ఇప్పుడు పడట్లేదు, దిమ్మెకు అంతకంటే పెద్ద పరీక్ష ఏముంటుంది. రాత్రి ఆడటం పక్కింటి పెద్దమ్మ మాన్పించింది. "బిడ్డా, ఆ చప్పుడుకు ఎవరో గేటు తాళం పగలగొడుతున్నరని బీపీ లేస్తుంది నాకు" అంది. ఎనిమిది దాటితే ఆపేస్తున్నాం.

డిస్కుల విషయంలో ఒక మాట. మన దగ్గర సులభంగా దొరికేది అల్టిమేట్ ఫ్రిస్బీ ఆడే 175 గ్రాముల పెద్ద డిస్కు, అది 27 సెంటీమీటర్ల పైన వెడల్పు ఉంటుంది. దాంతో ఈ బుట్టలో ప్రాక్టీసు చేస్తే పిల్లలకు సరదా, మీకు పెద్దగా ఉపయోగం లేదు, చేతికి పట్టు వేరు, గొలుసుల్లో ఆగే తీరు వేరు. ఒకే రకం పట్టర్లు రెండు మూడు కొనుక్కుంటే మేలు. నేర్చుకునేవాళ్లు నేల మీద 10 మీటర్ల దగ్గర సున్నంతో గీత వేసుకోండి. బుట్ట నుంచి 10 మీటర్ల లోపల పట్ చేసినప్పుడు విసిరాక ముందుకు పడిపోకుండా నిలదొక్కుకోవాలి, లేకపోతే ఫౌల్. మా వాకిట్లో అంత దూరం రాదు, గేటు తీసి రోడ్డు మీద నిలబడి వేస్తాను. ఆగి చూసేవాళ్లందరికీ ఇదేంటో చెప్పుకోవాల్సి వస్తుంది, కోళ్ల గంప అనుకున్నవాళ్లే ఎక్కువ.

మార్కులు వేయాలంటే డబ్బాలో వచ్చిన బుట్టకు అయిదుకు రెండు, దిమ్మె, బోల్టులు, లోపలి గొలుసులు అయ్యాక నాలుగు. వెల్డింగ్ షాపు పనికి అయిదుకు అయిదు, చెప్పిన రోజుకు ఇవ్వలేదు కానీ అతుకులు శుభ్రంగా గీకి ఇచ్చారు, డిస్కు అంచుకు గీత పడే చోటు ఒక్కటి కూడా లేదు. చేయించుకునేవాళ్లు ఇంటి నుంచి పై రింగు వ్యాసం, రింగు నుంచి బుట్ట అడుగు దాకా లోతు, పైపు బయటి మందం కొలిచి కాగితం మీద రాసుకెళ్లండి, వీలైతే పై రింగు విప్పి ఆటోలో వేసుకుపోండి. నోటితో చెప్తే ఆ అన్నకు అర్థం కావడానికి ఒక పూట పడుతుంది.