అబ్బీ లింకన్ ‘యూ గాట్టా పే ద బ్యాండ్’: జాజ్ అంటే పారిపోయేవాళ్ళు కూడా ఒకసారి వినండి

జాజ్ అంటే సాక్సోఫోన్ ఎటో వెళ్ళిపోయి ఎప్పటికో తిరిగి రావడమే అని ఫిక్సయిపోయినవాళ్ళ కోసం ఈ రివ్యూ. 1991లో వర్వ్ అనే రికార్డు కంపెనీ వేసిన ఆల్బమ్ ఇది. అప్పటికి అమెరికన్ జాజ్ సింగర్ అబ్బీ లింకన్‌కి అరవై ఏళ్ళు, గొంతులో తీపి పెద్దగా లేదు, కొన్ని చోట్ల శ్రుతికి ఓ పిసరు కిందే ఉండి పాడుతుంది, కాబట్టి స్మూత్‌గా ఉంటేనే పాట అనుకునేవాళ్ళకి మొదట్లో ఎక్కదు, ముందే చెప్తున్నా.

కానీ మాట పలకడం చూడండి అసలు! ‘బర్డ్ అలోన్’ ఈవిడ రాసుకున్న పాటే, ఒంటరిగా ఎగిరే పక్షి గురించి. ఇలాంటిది దొరికితే వేరేవాళ్ళు ఏడిపించేసేవాళ్ళు, ఈవిడ మాత్రం మనతో మాట్లాడుతున్నట్టే పాడి ఊరుకుంటుంది, జాలి అడగదు. స్టాన్ గెట్జ్ సాక్స్ కూడా అంతే, ఈవిడ లైన్ అయ్యేదాకా ఆగి ఆ తర్వాతే వస్తాడు. ఫిబ్రవరిలో రికార్డింగ్ అయింది, జూన్‌లో ఆయన కేన్సర్‌తో పోయాడు. పియానో హ్యాంక్ జోన్స్, బేస్ చార్లీ హేడెన్, ఇద్దరూ జాజ్‌లో పెద్ద పేర్లే, ఇక చెప్పేదేముంది.

ఈ గొంతు వెనక కథ తెలిస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. 1950ల్లో ఈవిడని గ్లామర్ సింగర్‌గా అమ్మారు, 1956లో ఒక హాలీవుడ్ సినిమాలో మార్లిన్ మన్రో వేసుకున్న గౌనే వేయించి పాడించారు, ఆ గౌను తర్వాత తగలబెట్టేశానని ఈవిడే చెప్పింది. 1960లో డ్రమ్మర్ మాక్స్ రోచ్‌తో కలిసి నల్లవాళ్ళ హక్కుల మీద చేసిన రికార్డులో పాడటమే కాదు, గొంతు చించుకుని అరిచింది కూడా. 1961 తర్వాత 1973 దాకా సొంత పేరు మీద ఒక్క ఆల్బమ్ లేదు! మధ్యలో సినిమాల్లో చేసింది, 1968లో హాలీవుడ్ హీరో సిడ్నీ పాయిటియర్ పక్కన హీరోయిన్. పాటలు రాయడం మీద గట్టిగా కూర్చుంది ఆ తర్వాతే, 1990లో వర్వ్ వాళ్ళు పిలిచేసరికి చేతిలో సొంత పాటలు బోలెడున్నాయి. అంటే మామూలుగా సింగర్లు పాత హిట్లతో బతికే వయసులో ఈవిడ కెరీర్ మళ్ళీ మొదలైంది.

ట్రంపెట్ వాయించే ఫ్రెడ్డీ హబ్బర్డ్ ట్యూన్ ‘అప్ జంప్డ్ స్ప్రింగ్’కి మాటలు కూడా ఈవిడవే, ఆల్బమ్‌లో నాకు అన్నిటికన్నా హుషారైనది అదే. అక్కడక్కడా వచ్చే వయోలా (వయొలిన్ కన్నా కాస్త పెద్దది) మాక్స్ రోచ్ కూతురు మాక్సీన్ వాయించింది, బాగుంది. చివర్లో స్లో పాటలు పక్కపక్కనే పెట్టడం మాత్రం నచ్చలేదు, డ్రైవింగ్‌లో అయితే నిద్రొస్తుంది.

బ్యాక్‌గ్రౌండ్‌లో పెట్టి పని చేసుకుందామంటే దండగ, మాటలు పోతాయి, లిరిక్స్ ఎదురుగా పెట్టుకుని హెడ్‌ఫోన్స్‌లో వినండి. నచ్చితే 2007లో వచ్చిన ‘అబ్బీ సింగ్స్ అబ్బీ’కి వెళ్ళండి, దాదాపు అన్నీ తను రాసినవే మళ్ళీ పాడింది, కాకపోతే ఆ పెడల్ స్టీల్ గిటార్ (కంట్రీ పాటల్లో వినిపించే, సాగదీసినట్టుండే గిటార్) నాకు అంతగా ఎక్కలేదు. ఐదుకి నా రేటింగ్ దీనికి నాలుగున్నర, దానికి మూడున్నర.